భుజంలో తెగిన తాడు: ఆపరేషన్ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు?

(తిరుపతిలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు డి.ఏ. బకాయిల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ చెప్పారు. చప్పట్లు బాగా పడ్డాయి. నాకిచ్చిన అంశం భుజం నొప్పి. దీనికి చప్పట్లు కొట్టాలన్నా ఈ సభలో సగంమందికి చేతులు పైకి లేవవని నాకు తెలుసు. కాబట్టి ఆ ఇబ్బంది మీకు పెట్టను. కూర్చొని వింటే చాలు.

నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు మోసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. అయినా ఈ విషయం మాట్లాడటానికి నాకు రెండు అర్హతలున్నాయి. ఒకటి, నా కుడి భుజంలో కండ తాడు తెగింది. రెండు, ఆ అనుభవం చూసుకొని నేనొక మిత్రుడికి తప్పు సలహా ఇచ్చాను. మొదటిదాని బాధ ఆరేడు వారాల్లో తీరింది. రెండోదాని బాధ ఇంకా తీరలేదు. ఆ మిత్రుడు ఈరోజు ఈ హాల్లోనే ఉన్నాడు. ఆయనను అడిగే మాట్లాడుతున్నాను. "చెప్పప్పా, దాచబాకు. ఇంకొకడన్నా బాగుపడతాడు" అన్నాడు. పేరు మాత్రం నేను చెప్పను.

నాకేమైందంటే

నాలుగేళ్ళ కిందటి మాట. అంతకు రెండేళ్ళ ముందు నుంచే కుడి భుజం ముందువైపున నొప్పి ఉండేది. చొక్కా తొడుక్కునేటప్పుడు, అటకమీది డబ్బా అందుకునేటప్పుడు కలుక్కుమనేది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే మెలకువ వచ్చేది. కొందరు వాతమన్నారు, కొందరు వయసన్నారు. నూనె రాయించుకున్నాను, కాపడం పెట్టుకున్నాను. మందుల షాపులో అడిగి మాత్రలు మింగాను. డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు.

ఒకరోజు పొద్దున ఆటోలోనుంచి పాతిక కిలోల బియ్యం మూట దించుతుండగా భుజంలో 'టప్' మని శబ్దమైంది. నాకే కాదు, వాకిట్లో నిలుచున్న మా ఇంటామెకూ వినబడింది. "ఏమండీ, మూట పిగిలిందా?" అనడిగింది. పిగిలింది మూట కాదు, నా భుజం.

సాయంత్రానికి దండచేయి నల్లగా కమిలింది. మూడోనాటికి ఆ నలుపు మోచేయి దాకా దిగింది. చేయి మడిస్తే కండ ఉండవలసిన చోట లేక, మోచేతికి కాస్త పైన ఒక ముద్దలాగా చేరింది. మా మనవడు చూసి "తాతా, నువ్వు పొపాయ్ అయిపోయినావు" అన్నాడు. అది టీవీలో బొమ్మల కథ అట. తర్వాత తెలిసింది, డాక్టర్లు కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారని.

మా అబ్బాయి వెంటనే "పుత్తూరుకు పోదాం పా నాయనా, కట్టు కట్టించుకుందాం" అన్నాడు. మన జిల్లాలో పుట్టినవాడికి ముందు ఆ మాటే వస్తుంది. పుత్తూరు కట్టు పేరు తెలియనివాడు ఈ హాల్లో ఉండడు. తమిళనాడు నుంచీ, కర్ణాటక నుంచీ ఎముక విరిగినవాళ్ళు అక్కడికి వస్తారు. కానీ కట్టు అనేది విరిగిన ఎముకకు. నాకు విరిగిందేమీ లేదు. ఎముకను పట్టి ఉంచే తాడు తెగింది. పైగా మన వయసులో భుజాన్ని వారాల తరబడి కదలనీయకుండా కడితే అది బిగుసుకుపోతుంది. ఈ మాట నాకు అప్పుడు తెలియదు. ఆరోజు బస్సు సమయానికి అందక, ఊళ్ళోనే ఎముకల డాక్టరు దగ్గరికి పోయాం. అట్లా తెలిసింది.

నరం వేరు, తాడు వేరు

మనం అన్నిటినీ 'నరం' అంటాం. నరం లాగింది, నరం పట్టింది, నరం తెగింది అంటాం. డాక్టరు నాకు ముందు అది విడదీసి చెప్పారు. మెదడు నుంచి కబురు తెచ్చే తీగ నరం. నెత్తురు పారే గొట్టం రక్తనాళం. కండను తీసుకుపోయి ఎముకకు కట్టే తాడు టెండాన్. నాకు తెగింది ఈ మూడోది.

దండచేతి ముందువైపున ఉండే కండకు బైసెప్స్ అని పేరు. స్కూలు పుస్తకంలో దాన్ని ద్విశిర కండరం అని రాసేవారు, అంటే రెండు తలలది. పైన భుజం దగ్గర దానికి రెండు తాళ్ళుంటాయి. కింద మోచేయి దాటాక ఒకటే తాడు. పైనున్న రెండింటిలో ఒకటి పొట్టిది. అది భుజం ముందున్న ఎముక కొమ్ముకు కట్టి ఉంటుంది. రెండోది పొడవుది. అది దండచేతి ఎముక మీదున్న గాడిలోంచి పైకి పోయి, వంపు తిరిగి, కీలు లోపలికి దూరి, గుంత పైఅంచున కట్టుకొని ఉంటుంది.

పాతకాలపు చేదబావి జ్ఞాపకం చేసుకోండి. బొక్కెన తాడు ఎక్కడ అరుగుతుంది? గిలక మీద తిరిగే చోట. భుజంలోనూ అంతే. పొడవాటి తాడు వంపు తిరిగే చోట, గాడిలో రాసుకునే చోట ఏళ్ళ తరబడి అరుగుతుంది. పీచు పీచుగా విడిపోతుంది. చివరికి ఒక బియ్యం మూటో, గ్యాసు సిలిండరో వంక అవుతుంది. తెంచేది మూట కాదు, అరుగుదల. రికార్డు రూములో తలకంటే ఎత్తు అరల నుంచి కట్టలు దించిన ఏళ్ళన్నీ అందులో కలిసే ఉంటాయని నా అనుమానం.

బైసెప్స్ తెగినవారిలో చాలా ఎక్కువమందికి తెగేది ఈ పొడవాటి తాడే. అది తెగినా పొట్టి తాడు పట్టుకునే ఉంటుంది. అందుకే చేయి పూర్తిగా పడిపోదు. అన్నం కలుపుకోవచ్చు, సంతకం పెట్టవచ్చు. తగ్గేదల్లా కొంత బలం. ముఖ్యంగా అరచేతిని పైకి తిప్పే బలం, అంటే బిగుసుకున్న తాళం తిప్పడం, స్క్రూ బిగించడం లాంటివి. ఆపరేషన్ లేకుండా వదిలేస్తే ఆ బలం సుమారు ఐదో వంతు తగ్గుతుందని చెబుతారు. పెన్షను తీసుకునే గుమాస్తాకు అది పెద్ద లోటు కాదు. ఇంకొక విచిత్రం కూడా ఉంది. అరిగిన తాడు పూర్తిగా తెగినాక పాత నొప్పి చాలామందికి తగ్గిపోతుంది. రాపిడి పెట్టే తాడే లేదు కదా! నాకు అట్లాగే జరిగింది.

అయితే ఒక ముఖ్యమైన మాట. ఇదంతా భుజం దగ్గర తెగినప్పటి సంగతి. అదే కండ కిందివైపు, మోచేతి దగ్గర తెగితే ముద్ద కిందికి కాదు, పైకి జరుగుతుంది. అక్కడ పట్టుకోవడానికి రెండో తాడు లేదు. అది రెండు మూడు వారాల్లోపే డాక్టరు చేతిలో పడాలి. ఆలస్యమైతే తిరిగి అతికించడం కష్టం.

డాక్టరు ఏం చూశారు

నేను పోగానే ఆపరేషన్ అంటారని భయపడ్డాను. ఆయన ముందు నా చేతిని అన్ని విధాలా పరీక్షించారు. మోచేయి మడిపించి, నా చేయి పట్టుకొని, అరచేతిని పైకి తిప్పమన్నారు. 1931లో యెర్గాసన్ అనే ఆయన చెప్పిన పరీక్షకు ఇది మూలమట. తర్వాత చేయి పక్కకెత్తి నిలపమన్నారు. అరచేయి కడుపు మీద పెట్టి నొక్కమన్నారు. చేతులు మడిచి బయటికి తొయ్యమన్నారు. నాకు విసుగొచ్చి, "సార్, తెగింది కనబడుతూనే ఉంది కదా, ఇవన్నీ ఎందుకు?" అన్నాను.

ఆయన అన్నమాట ఇది: "తెగింది నాకూ కనబడుతోంది సార్. దాని పక్కన ఇంకేమైనా తెగిందా అని చూస్తున్నాను."

ఆ పక్కనున్నదాని పేరు రొటేటర్ కఫ్. నాలుగు కండల తాళ్ళు కలిసి భుజం గుండుకు టోపీ తొడిగినట్టు పట్టుకొని ఉంటాయి. చేయి పైకి లేవడానికీ, నిలవడానికీ ఆధారం అదే. దానికీ పొడవాటి బైసెప్స్ తాడుకూ ఇరుగుపొరుగు సంబంధం. ఒకదానికి తెగులు వచ్చినచోట రెండోదానికీ వచ్చి ఉండటం మామూలే. 1972లో చార్లెస్ నీర్ అనే అమెరికా డాక్టరు, ఈ తాళ్ళు పైనున్న ఎముక కప్పు కింద నలుగుతాయని వివరించి రాశారు. పొడవాటి తాడు ఒక్కటే చెడటం మన వయసులో అరుదు.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, తాడు కనబడదు. అందుకని అల్ట్రాసౌండు స్కాను తీయించారు. అనుమానముంటే ఎం.ఆర్.ఐ. తీస్తారు. పేస్‌మేకరు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. నా స్కానులో కఫ్ బాగుంది. "మీకు ఆపరేషన్ అక్కర్లేదు" అన్నారు. కొద్దిరోజులు మెడకు పట్టీ, ఐసు, పారాసిటమాల్, తర్వాత ఫిజియోథెరపీ. రెండు నెలలు దాటేసరికి నేను మామూలు మనిషినయ్యాను. ముద్ద ఇప్పటికీ ఉంది. చూడాలనుకున్నవారు సభ అయినాక చూడవచ్చు.

ఆపరేషన్ ఎవరికి?

ఇక రెండో సంగతి. మా బంధువుల అబ్బాయి ఒకడు శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కుతాడు. నలభై దాటిన వయసు. ఉలి పట్టి రోజుకు ఎనిమిది గంటలు మణికట్టు తిప్పే పని. వాడికి తాడు పూర్తిగా తెగలేదు. సగం చీలి, గాడిలోంచి జారి జారి పడేది. నాలుగు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నాడు, ఒక ఇంజెక్షనూ వేయించుకున్నాడు. నొప్పి తగ్గలేదు. పని ఆగిపోయింది. వాడికి చెన్నైలో ఆపరేషన్ చేశారు.

ఈ ఆపరేషన్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది టెనాటమీ. చెడిపోయిన తాడును పైన కట్టుకున్నచోట కత్తిరించి వదిలేయడం. విన్నప్పుడు ఆశ్చర్యమేసింది. నాకు బియ్యం మూట చేసిన పనినే డాక్టరు కత్తెరతో చేస్తారన్నమాట! తక్కువ సమయంలో అయిపోతుంది, త్వరగా కోలుకుంటారు. కండ ముద్దలా జారవచ్చు, కొందరికి పని చేసేటప్పుడు కండ పట్టేస్తుంది. రెండోది టెనోడిసిస్. తాడును పైన కత్తిరించి, చెడిన భాగం తీసేసి, మంచి కొసను దండచేతి ఎముకకు కొత్తచోట స్క్రూతోనో, యాంకరుతోనో బిగించడం. కండ ఆకారం నిలుస్తుంది. బలం ఎక్కువ కావలసినవారికీ, చేతిపని చేసి బతికేవారికీ సాధారణంగా దీన్ని ఎంచుకుంటారు. కానీ అతుకు పట్టేదాకా సుమారు ఆరు వారాలు బరువెత్తకూడదు. పూర్తి పనికి నాలుగు నుంచి ఆరు నెలలు. రెండింటినీ పోల్చిన అధ్యయనాల్లో నొప్పి తగ్గడంలో పెద్ద తేడా కనబడలేదు. తేడా ఎక్కువగా ముద్ద విషయంలోనే.

మా వాడికి టెనోడిసిస్ చేశారు. ఐదో నెలలో ఉలి పట్టాడు. ఇప్పుడు మునుపటిలాగే చెక్కుతున్నాడు.

తాడును ఒకచోట విప్పి ఇంకొకచోట కట్టడమంటే కొత్త విడ్డూరమని అనుకోకండి. మన చిత్తూరుకు బస్సులో గంట దూరంలో ఉన్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఇలాంటి పని 1940ల చివరలోనే జరిగింది. 1946లో అక్కడికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వల్ల వేళ్ళు గోళ్ళలాగా ముడుచుకుపోయినవారికి, బాగున్న కండ తాడును తీసి చచ్చుపడిన వేళ్ళకు కట్టి, చేతులు విప్పించారు. ఆయన పుట్టింది తమిళనాడులోని కొల్లిమలలో. ముడుచుకున్న చేతులతో భిక్షమెత్తినవారు మళ్ళీ పనిముట్టు పట్టారంటే అదీ ఈ టెండాన్ల మహిమే. భుజంలో చేసేది ఆ ఆపరేషన్ కాదు. కానీ సూత్రం దానికి దగ్గర చుట్టమే: తాడుకు కొత్త కట్టుకొయ్య చూపించడం.

ఇప్పుడు చాలావరకు చిన్న రంధ్రాల గుండా దుర్భిణి పెట్టి చేస్తారు. 1918లో టోక్యోలో కెంజీ తకాగి అనే ఆయన మోకాలి కీలులోకి గొట్టం పెట్టి చూడటం ఈ విద్య తొలి అడుగుల్లో ఒకటి. మచ్చ చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ చిన్నదని అనుకోరాదు. మత్తు ఇస్తారు. చీము పట్టడం, భుజం బిగుసుకోవడం, నరానికి దెబ్బ, బిగించిన తాడు జారడం లాంటివి అరుదుగానైనా జరుగుతాయి. సుగరు, బి.పి., గుండె అన్నీ చూసుకొని దిగాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పాలి. సొంతంగా ఆపకూడదు.

కొందరు మిత్రులు "సచిన్ టెండూల్కర్ భుజానికి ఆపరేషన్ చేయించుకొని మళ్ళీ సెంచరీలు కొట్టలేదా?" అంటారు. నిజమే, 2006లో లండన్‌లో చేయించుకున్నాడు. అప్పటికి ఆయనకు ముప్పైమూడు నిండలేదు. ఆయన తాడు వేరు, మన తాడు వేరు. ఆయనకు కావలసింది బౌండరీ, మనకు కావలసింది రాత్రి నిద్ర.

నేను చేసిన తప్పు

ఇప్పుడు అసలు సంగతి. చేయి బాగైనాక నేను సగం డాక్టరునైపోయాను. పొద్దున నడకకు వచ్చేవాళ్ళలో ఎవరికి భుజం నొప్పి అన్నా నా ముద్ద చూపించి, "ఏమీ కాదు, ఆపరేషన్ అక్కర్లేదు" అని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

నా మిత్రుడు రిటైర్డ్ సర్వేయరు. ఒకరోజు స్నానాలగదిలో కాలుజారి, చేయి ఆనించి పడ్డాడు. భుజం నొప్పి, దండచేయి కమిలింది, కండ కొంచెం కిందికి జారింది. అచ్చం నాకైనట్టే. కానీ ఒక తేడా ఉంది. ఆయన చేయి పక్కకు లేవడం లేదు. ఎడమచేత్తో ఎత్తిపెట్టినా నిలవక పడిపోయేది. నేనది చూశాను. చూసి కూడా "నొప్పికి లేవడం లేదులే, తగ్గుతుంది" అన్నాను. నా వ్యాయామాల కాగితం జిరాక్సు తీసి ఇచ్చాను. వాళ్ళ అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "మామా, నాయనను ఆస్పత్రికి తీసుకుపోయేదా?" అనడిగితే, "అమ్మా, ఖర్చు దండగ. నాకు ఇదే అయింది" అని చెప్పాను.

ఎనిమిది నెలలు గడిచాయి. నొప్పికి నిద్రలేక ఆయనే పోయి చూపించుకున్నాడు. ఎం.ఆర్.ఐ.లో తేలింది: బైసెప్స్ తాడుతోపాటు కఫ్‌లో పెద్ద తాడు కూడా పూర్తిగా తెగి, కొస లోపలికి జరిగిపోయింది. పని లేని కండలో కొవ్వు చేరింది. అంతదాకా వచ్చినాక లాగి కుట్టినా అతకదని చెప్పారు. "పడిన కొద్ది వారాల్లో వచ్చి ఉంటే కుట్టడానికి ప్రయత్నించేవాళ్ళం" అన్నారట. చివరికి నొప్పి తగ్గడానికి దుర్భిణి ద్వారా లోపల శుభ్రంచేసి, మిగిలి ఉన్న బైసెప్స్ పీచును టెనాటమీ చేశారు. ఇప్పుడు రాత్రి నిద్రపోతున్నాడు. అంతవరకు మేలు. కానీ చేయి తలదాకా పోదు.

ముప్పై ఏళ్ళు గొలుసు పట్టి పొలాలు కొలిచిన చేయి అది. ఇప్పుడు తల దువ్వాలంటే వాళ్ళింటామె దువ్వాలి. నామం ఎడమచేత్తో పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఇద్దరం కలిసి కొండకు పోయినాము. లోపల వాకిలి దగ్గర అందరూ రెండు చేతులూ తలపైకెత్తి గోవిందా అన్నారు. నేనూ ఎత్తాను. పక్కకు చూస్తే ఆయన ఒక చేయి ఎత్తి నిలుచున్నాడు. ఆ క్షణంలో నాకు స్వామి కనబడలేదు, ఆ ఒంటి చేయే కనబడింది.

బయటికి వచ్చినాక తప్పు ఒప్పుకున్నాను. ఆయన "నువ్వు చెప్పింది అబద్ధం కాదులేప్పా, నీ చేయికి నిజమే" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేను. ఒకడి ఫైలు మీద రాసిన ఉత్తర్వును ఇంకొకడి ఫైలుకు వర్తింపజేయకూడదని ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే నేర్చుకున్నాను. రిటైరైనాక మరిచిపోయాను.

కఫ్ తెగిన ప్రతివారికీ ఆపరేషన్ అని కూడా నేననడం లేదు. వయసు అరుగుదలతో మెల్లగా చీలినవాళ్ళు చాలామంది వ్యాయామంతోనే సర్దుకుంటారు. ఏది ఏ రకమో తేల్చవలసింది పరీక్ష చేసిన డాక్టరు, పక్క బెంచీ మీది పెన్షనరు కాదు.

జ్ఞాపకం పెట్టుకోవలసినవి

1. పడినాక గానీ, బరువెత్తినాక గానీ భుజంలో శబ్దం వచ్చినా, కమిలినా, కండ జారినా వారంలోపు ఎముకల డాక్టరుకు చూపించండి. చేయి పైకి లేవకపోతే మరుసటి రోజే పోండి. తిరుపతిలో రుయా ఆస్పత్రి ఉంది. 1985లో దేవస్థానం వారు స్థాపించిన బర్డ్ ఎముకల కోసమే ఉంది. చిత్తూరు వారికి వేలూరు దగ్గర.

2. "తెగింది బైసెప్స్ ఒక్కటేనా, కఫ్ కూడానా?" అని అడగండి. ఆపరేషన్ అంటే "చేయించుకోకపోతే ఏమవుతుంది? టెనాటమీనా, టెనోడిసిసా? నాకు అదే ఎందుకు?" అని అడగండి. అడగడం తప్పు కాదు. అత్యవసరం కాకపోతే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడమూ తప్పు కాదు.

3. ఎడమ భుజం నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది భుజం కాదు, గుండె అనుకొని వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.

4. తెగిన భుజాన్ని గట్టిగా తోమించుకోకండి, లాగించుకోకండి. నొప్పి మాత్రలు సొంతంగా నెలల తరబడి మింగకండి. మూత్రపిండాలు, కడుపు దెబ్బతింటాయి. ఇంజెక్షను ఉపశమనమిస్తుంది కానీ పదేపదే వేయించుకుంటే తాడు బలహీనపడవచ్చు. సుగరు ఉన్నవారికి కొన్నాళ్ళు సుగరు పెరుగుతుంది.

5. సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ వల్ల టెండాన్లు తెగే ప్రమాదముందని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక ముద్రింపజేసింది. అరవై దాటినవారికీ, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికీ అది ఎక్కువ. షాపులో అడిగి కొనవద్దు. డాక్టరు రాస్తే వాడండి. తాళ్ళలో నొప్పి మొదలైతే వెంటనే ఆయనకు చెప్పండి.

6. 2013లో మొదలైన ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు ఆ ఆపరేషన్ జాబితాలో ఉందా, ఆ ఆస్పత్రికి గుర్తింపు ఉందా, ముందస్తు అనుమతి వచ్చిందా అని చేరకముందే కనుక్కోండి. రీయింబర్స్‌మెంటుకు పోయేవారు డిశ్చార్జి సమ్మరీ, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, బిల్లులు, లోపల బిగించిన స్క్రూ లేదా యాంకరు స్టిక్కరు అన్నీ ఒక ఫైలులో కుట్టి, ఒక సెట్టు జిరాక్సు ఇంట్లో పెట్టుకోండి. ఇది మాత్రం నేను అధికారపూర్వకంగా చెప్పగల సంగతి.

7. ఆపరేషన్ అయినా కాకపోయినా ఫిజియోథెరపీ మానకండి. డాక్టరు చేసేది ఒక గంట పని, మనం చేసేది నాలుగు నెలల పని. ఇంట్లోవాళ్ళు దగ్గరుండి చేయించాలి. అందుకే కుటుంబ సభ్యులను కూడా ఈ సభకు రమ్మన్నాం.

సోదరులారా, ఇప్పటికీ పొద్దున నడకలో నన్ను భుజం గురించి అడిగేవారున్నారు. ముద్ద చూపించడం మానేశాను. వాళ్ళ చేయి పక్కకెత్తి నిలపమంటాను. నిలిచినా, నిలవకపోయినా నేనిచ్చే జవాబు ఒకటే: ఆస్పత్రి ఓ.పి. సమయం, అక్కడికి పోయే బస్సు నంబరు. అవసరమైతే తోడు వస్తాను. మొన్న ఇద్దరిని తీసుకుపోయాను. ఒకరికి ఆపరేషన్ అక్కర్లేదన్నారు, ఒకరికి స్కాను రాశారు. మా సర్వేయరు మిత్రుడు కూడా మాతో వచ్చాడు. ఓ.పి. చీటీ వరుసలో ముందు నిలబడింది ఆయనే.